అనుభవం సర్టిఫికెట్

పోయిన వారం పోస్టు కింద మా పాత విద్యార్థిని ఒకామె ఇలా రాసింది: "మేడమ్, రిజర్వేషన్ల మీద రాయండి, దాడుల మీద రాయండి, అందరికీ పంపుతాం. ఈ టెండర్లు, కోర్టు కేసులు మనకెందుకు? డబ్బున్నోళ్ళూ డబ్బున్నోళ్ళూ కొట్లాడుకుంటారు. ఎవడు గెలిస్తే మనకేంటి?"

ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకునేదాన్ని. పేపర్లో "టెండరు రద్దు", "హైకోర్టు స్టే" అని కనబడితే పేజీ తిప్పేసేదాన్ని. ఇప్పుడు తిప్పను. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడిలోనే వండిపెట్టడం 2003 జనవరిలో మొదలైంది. మా ఊరి బడికి మా పేటలోంచి ఇద్దరిని వంటకు తీసుకున్నారు. అందులో అమ్మ ఒకతి. మొదటి నెల ఊళ్ళోవాళ్ళ పిల్లలు సగం మంది ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. రెండో నెలలో పప్పుచారు వాసనకి పిల్లలు ఒక్కొక్కరే కంచాలు పట్టుకుని వరసలోకి వచ్చారు. బిల్లులు మూడు నాలుగు నెలలకోసారి వచ్చేవి. అప్పటిదాకా నూనె, పప్పు, కూరగాయలు కొట్లో అమ్మ పేరు మీద అప్పు. కట్టెలు సెలవు రోజుల్లో నేనూ ఏరుకొచ్చేదాన్ని. వండే మనిషికి నెలకు వెయ్యి రూపాయలని కేంద్రం 2009 చివర్లో తేల్చింది. దానికి జీతం అన్న పేరు కూడా పెట్టలేదు, "గౌరవ వేతనం" అన్నారు.

పధ్నాలుగేళ్ళు వండింది అమ్మ. ఆమె వంట తిని ఒక్క పిల్లాడికి కడుపునొప్పి వచ్చిందన్న మాట లేదు. తర్వాత ఒకరోజు బడి ముందు వ్యాను ఆగింది. ఎక్కడో పెద్ద వంటశాలలో వండి స్టీలు డబ్బాల్లో తెస్తారు, మీరు వడ్డిస్తే చాలన్నారు. కొన్నాళ్ళకు, వడ్డించడానికి ఇద్దరెందుకు అన్నారు.

అమ్మ, మండలంలో అలాగే పని పోయిన ఇంకో పదకొండు మంది ఆడవాళ్ళు కలిసి ఒక పొదుపు సంఘంగా ఉండేవాళ్ళు. అంగన్‌వాడీలకు సరుకు సరఫరా చేసే టెండరు ఒకటి పడిందని తెలిసి, కాగితం చదివి చెప్పమని నాకిచ్చారు. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. ప్రబంధాలు చదివి అర్థం చెప్పగలను. ఆ ఇంగ్లీషు టెండరు కాగితానికి మూడు రాత్రులు పట్టింది. అర్హతల పేజీ చదువుతుంటే అమ్మ ఒకచోట ఆపింది.

"అనుభవం అడిగారా? మాకుంది గదమ్మా."

అక్కడున్న షరతులివి. ఇలాంటి సరఫరాలో ఇన్నేళ్ళ అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్. ఏడాదికి ఇన్ని కోట్ల టర్నోవర్. ముందుగా కట్టాల్సిన ధరావతు. గుండిగ ముందు పధ్నాలుగేళ్ళు నిలబడ్డ మనిషికి ఆ లెక్కలో అనుభవం సున్నా. ఒక వకీలు దగ్గరికి వెళ్ళాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మీరు టెండరే వెయ్యలేదు కదమ్మా. వెయ్యనివాళ్ళు కోర్టుకెళ్ళి ఏమని అడుగుతారు?" అన్నాడు. వెయ్యాలంటే అర్హత లేదు. అర్హత ఎందుకు లేదని అడగాలంటే వేసి ఉండాలి. పన్నెండు మంది ఆడవాళ్ళు బస్సెక్కి ఇంటికొచ్చారు.

దళిత సాహిత్య చర్చల్లో "అనుభవం" అన్న మాట కోసం మనం ఎంత కొట్లాడాం! అనుభవించినవాళ్ళే రాయాలా, సానుభూతి ఉంటే చాలదా అని పత్రికల్లో పేజీలకు పేజీలు నడిచాయి. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఆ చర్చ మీదే. ఆ మాట మన చేతికొచ్చిందని సంబరపడ్డాను. అదే మాట టెండరు కాగితంలో మనల్ని బయట నిలబెట్టడానికి వాడుతున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

అందుకే చెల్లీ, నీ ప్రశ్నకు ఈ వారం జవాబు రాస్తున్నాను.

టెండర్ల మీద మన దేశంలో నడిచే ప్రతి కేసులోనూ ఉదహరించే తీర్పు ఒకటుంది. 1979, రమణ దయారాం శెట్టి కేసు. విచిత్రమేమిటంటే అదీ తిండి గొడవే, అదీ అనుభవం గొడవే. బొంబాయి విమానాశ్రయంలో ఒక రెస్టారెంటు, రెండు స్నాక్ బార్లు నడపడానికి టెండరు పిలిచారు. రెండో తరగతి హోటలు యజమానిగా రిజిస్టరై, కనీసం ఐదేళ్ళ అనుభవం ఉండాలన్నారు. చివరికి క్యాంటీన్లు నడిపిన వ్యక్తికి ఇచ్చారు. క్యాంటీన్ అనుభవం హోటలు అనుభవం అవుతుందా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

జస్టిస్ భగవతి తీర్పులో చెప్పిన విషయం చాలా పెద్దది. ప్రభుత్వం కాంట్రాక్టులిచ్చేటప్పుడు సొంత సొమ్ము పంచే షావుకారులా ప్రవర్తించకూడదు. తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడాలి. రాజ్యాంగంలోని 14వ అధికరణం, అంటే సమానత్వం, టెండరుకూ వర్తిస్తుంది. ఈ తీర్పు లేకపోతే ఇవాళ ఏ టెండరునూ ఎవరూ ప్రశ్నించలేరు. అయితే కేసు వేసిన మనిషికి మాత్రం ఏమీ దక్కలేదు. ఆలస్యంగా వచ్చావు, ఇందులో నీ సొంత ప్రయోజనం లేదు, ఇంకెవరి కోసమో వచ్చావు అని పంపేశారు. ఆ "ఆలస్యం" అన్న మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

షరతు పాటించారా లేదా అన్న చుట్టూ ఆ కేసు తిరిగింది. ఆ షరతు ఎవరిని బయట పెడుతోంది అన్న ప్రశ్న అడిగేవాళ్ళు అక్కడ లేరు. కోర్టు హాల్లో ఉన్నది ప్రభుత్వ సంస్థ, టెండరు దక్కినవాడు, దక్కలేదని వచ్చినవాడు. ఆ క్యాంటీన్లో గిన్నెలు కడిగినవాళ్ళు ఎవరన్నది ఎవరికి కావాలి?

తర్వాత తలుపు మెల్లగా మూసుకుంటూ వచ్చింది. 1994లో టాటా సెల్యులార్ కేసు. నాలుగు మహానగరాల్లో మొబైల్ ఫోన్ లైసెన్సుల గొడవ. నిర్ణయం ఎలా తీసుకున్నారో చూస్తాం, నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది మా పని కాదు అంది కోర్టు. ఆ తర్వాత జగదీశ్ మండల్ కేసులో రెండు ప్రశ్నలు ముందు పెట్టింది: నిర్ణయంలో దురుద్దేశమో మరీ అడ్డగోలుతనమో ఉందా? ప్రజా ప్రయోజనం దెబ్బతిన్నదా? 2022లో, జార్ఖండ్‌లో ఒక రోడ్డు పని కేసులో ఇంకో అడుగు వేసింది. టెండర్లో తప్పు జరిగిందనిపించినా పని ఆపే స్టేలు ఇవ్వకండి, నష్టపోయినవాడు నష్టపరిహారం అడుక్కోవచ్చు అని హైకోర్టులకు చెప్పింది.

ఈ వాదనలో నిజం ఉంది, దాచను. టెండరు పోయిన ప్రతి కంపెనీ కోర్టుకెక్కి స్టే తెచ్చుకుంటే ఊరికి రోడ్డు రాదు, బడికి గోడ లేవదు. ఆగిన పనికి పెరిగిన ఖర్చు మన నెత్తిన పడుతుంది. రెండు కంపెనీల మధ్య తగువైతే నష్టపరిహారం సరిపోతుంది. కానీ అంగన్‌వాడీలో పాచిపోయిన పిండి తిన్న రెండేళ్ళ పిల్లకు ఏ నష్టపరిహారం? పని పోయిన వంటామె ఏ కాగితం చూపించి పరిహారం అడగాలి? ఆమె టెండరే వెయ్యలేదు కదా. "ప్రజా ప్రయోజనం" అన్న రెండో ప్రశ్నను "పని తొందరగా కావడం, ధర తక్కువ పడడం" అని చదివే అలవాటు వచ్చేసింది. ఆ చదువులో ప్రజ అంటే రోడ్డు మీద కారులో పోయేవాడు. రోడ్డు పక్కన రాళ్ళు కొట్టేవాళ్ళు ఆ ప్రజలోకి రారు.

అదే సుప్రీంకోర్టు ఇంకోలా కూడా చదవగలదు. చదివింది కూడా. 2001లో రాజస్థాన్ కరువులో ఒకపక్క జనం ఆకలితో అలమటిస్తుంటే ఇంకోపక్క ప్రభుత్వ గిడ్డంగులు ధాన్యంతో నిండి ఉన్నాయి. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కోర్టుకెళ్ళింది. ఆ కేసులో వరసగా వచ్చిన ఉత్తర్వులను మన పిల్లలు పాఠంలా చదవాలి. 2001 నవంబరు 28న, బడిలో వండిన అన్నం పెట్టాలన్నారు. 2004 ఏప్రిల్ 20న, వంటవాళ్ళ, సహాయకుల నియామకంలో దళితులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. 2004 అక్టోబరు 7న, అంగన్‌వాడీలకు పోషకాహారం సరఫరాలో కాంట్రాక్టర్లను వాడకూడదు, వీలైనంతవరకు గ్రామ సమూహాలు, స్వయం సహాయక బృందాలు, మహిళా మండళ్ళ ద్వారానే ధాన్యం కొని వండించాలి అన్నారు.

ఏప్రిల్ ఉత్తర్వును మళ్ళీ ఒకసారి చదవండి. అంటరానితనానికి మనం చేసిన అన్ని విమర్శల సారం అందులో ఉంది. మన ఆడవాళ్ళు వండాలి, ఊరి పిల్లలందరూ వరసలో కూర్చుని తినాలి. మా అమ్మ రెండో నెలలో గెలిచింది ఆ యుద్ధాన్నే. అప్పటికి ఆ ఉత్తర్వు ఇంకా పుట్టనైనా లేదు.

అక్టోబరు ఉత్తర్వు ఇంకా లోతుకు వెళ్ళింది. కొనుగోలు ఎవరి చేతిలో ఉండాలన్న మాట తేల్చింది. అంత స్పష్టంగా చెప్పినా ఏం జరిగింది? రెండేళ్ళ తర్వాత, 2006 డిసెంబరులో, కాంట్రాక్టర్లను తీసేయడానికి ఏం చేశారో అఫిడవిట్లు వేయండని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను కోర్టే అడగాల్సి వచ్చింది. కాంట్రాక్టరు పోలేదు, వేషం మార్చాడు. మహారాష్ట్రలో మహిళా మండళ్ళ పేర్ల వెనకాల ప్రైవేటు కంపెనీలే ఉన్నాయని ఆ కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్ల కార్యాలయం 2012లో నివేదించింది. బోర్డు మీద మహిళల పేరు, లోపల యంత్రం కంపెనీది.

2016లో అదే రాష్ట్రం మళ్ళీ అంగన్‌వాడీ పోషకాహారానికి టెండరు పిలిచింది. పనిని పెద్ద పెద్ద ముక్కలుగా చేసి, చిన్న సంఘాలు అందుకోలేని షరతులు పెట్టింది. ఈసారి చిన్న సంఘాలు ఊరుకోలేదు, కోర్టుకెళ్ళాయి. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 6,300 కోట్ల రూపాయల ఆ కాంట్రాక్టులను కొట్టేసింది. షరతులు పెద్దవాళ్ళకు వీలుగా అల్లారని, స్థానిక స్వయం సహాయక బృందాలకు చోటుండేలా మళ్ళీ పిలవాలని చెప్పింది. ఆ కేసు పేరు వైష్ణోరాణి మహిళా బచత్ గట్ వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం. బచత్ గట్ అంటే పొదుపు సంఘం. మా అమ్మ సంఘం లాంటి ఒక సంఘం పేరు లా పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ రోజు బస్సెక్కి ఇంటికొచ్చిన పన్నెండు మందికి నేను చెప్పలేకపోయిన సంగతి ఇది. దారి లేదన్నది అబద్ధం. దారి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, చదువుకున్న నాకూ తెలియదు.

గెలుపు గెలుపే. కానీ కాలెండరు కూడా చూడండి. ఇంటికి తీసుకెళ్ళే ఆ పోషకాహారం ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు. 2016లో ఆరు నెలలున్న పిల్ల, తీర్పు వచ్చేసరికి ఆ వయసు దాటిపోయింది. కాంట్రాక్టులు వద్దన్న ఉత్తర్వు నుంచి లెక్కేస్తే పధ్నాలుగేళ్ళు దాటాయి. అంటే ఆ ఉత్తర్వు వచ్చిన రోజు పుట్టిన పిల్ల హైస్కూల్లో ఉంది. కోర్టు మీద ఆశ పెట్టుకుని నిద్రపోయేవాళ్ళు ఈ లెక్క గోడమీద రాసుకోవాలి.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డం వస్తాడు. "అన్నీ కులం కళ్ళతో చూడకండి. పిల్లల ఆరోగ్యం ముఖ్యం. యంత్రాలైతే శుభ్రంగా ఉంటాయి. పల్లెటూరి వంటింట్లో శుభ్రత ఎక్కడిది?" అంటాడు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో 23 మంది పిల్లలు చనిపోవడాన్ని ఉదాహరణగా చూపిస్తాడు.

తప్పించుకోను. 23 మంది పిల్లలు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. కానీ అక్కడ జరిగిందేమిటి? వంటనూనెలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పినా వినకుండా వండమన్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆమె కూడా తిని ఆస్పత్రి పాలైంది. ఆ వంటింట్లో ప్రమాదాన్ని పసిగట్టిన మనిషి ఒక్కతే ఉంది, ఆమెకు పొయ్యి ఆర్పే అధికారం లేదు. దీన్నుంచి మీరు నేర్చుకున్న పాఠం ఆమె చేతిలో గరిట లాగేయాలనా? ఆమె మాటకు విలువ ఇవ్వాలని ఎందుకు కాలేదు?

శుభ్రత అన్న మాట వినబడగానే నేను కొంచెం ఆగుతాను. వేల ఏళ్ళుగా ఆ మాటతోనే కదా మనల్ని వంటింటి గడప బయట నిలబెట్టింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత మహిళ వండిన అన్నం అగ్రకులాల పిల్లలు తినలేదు. పిల్లలతో కూర్చుని తినాల్సిన పెద్దలు ఆమెనే పనిలోంచి తీసేశారు. గొడవయ్యాక మళ్ళీ తీసుకున్నారు. అక్కడ బాహాటంగా చేసిన పనిని టెండరు కాగితం చప్పుడు చేయకుండా చేస్తుంది. ఆ కాగితంలో కులం పేరుండదు. టర్నోవరు ఉంటుంది, యంత్రం ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటుంది. అన్నీ చదివాక లోపల మిగిలేవాళ్ళెవరో, బయట మిగిలేవాళ్ళెవరో ఊరి మ్యాపు చూస్తే తెలుస్తుంది.

దీన్ని ముందే చూసిన మనిషి ఒకరున్నారు. 1942 అక్టోబరులో, వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద వైస్రాయికి ఒక వినతిపత్రం ఇచ్చారు. ఉద్యోగాలు, చదువులతో పాటు ప్రభుత్వ కాంట్రాక్టుల గురించి కూడా అందులో రాశారు. కేంద్ర ప్రజాపనుల శాఖ గుత్తేదారుల జాబితాలో వెయ్యిమందికి పైగా ఉంటే మనవాళ్ళు ఒకే ఒక్కరని ఎత్తిచూపారు. బాబాసాహెబ్ విగ్రహానికి దండలు వేసే మనం ఆ పేజీ ఎన్నిసార్లు చదివాం?

ఇప్పుడు విధానాలు లేవా అంటే ఉన్నాయి. 2012 నుంచి కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. చిన్న పరిశ్రమలన్నిటికీ కలిపి ఇచ్చే వాటాను 2018లో 20 నుంచి 25 శాతానికి పెంచారు, మన 4 మాత్రం 4గానే ఉంది. అందులోనే ఇంకో వాక్యం ఉంది: ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండరుకు రాకపోయినా, షరతులు అందుకోలేకపోయినా ఆ 4 శాతాన్ని మిగతా చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చు. షరతులు రాసేది వాళ్ళే, అందుకోలేదని తేల్చేది వాళ్ళే, మిగిలిన వాటా పంచేదీ వాళ్ళే.

మన రాష్ట్రం సంగతి కూడా చెప్పుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం తెచ్చారు. 100 కోట్లు, అంతకు మించిన మౌలిక వసతుల పనుల టెండరు కాగితాన్ని, పిలవకముందే ఒక న్యాయమూర్తి ముందు పెట్టాలి, జనం అభ్యంతరాలు చెప్పొచ్చు. 2024లో ఇంకో ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. తెచ్చినవాళ్ళ ఉద్దేశం ఏమిటి, తీసేసినవాళ్ళ ఉద్దేశం ఏమిటి అన్న తగువు పార్టీల వాళ్ళు చూసుకుంటారు. నేను అడిగేది మనల్ని. ఆ ఐదేళ్ళలో మన సంఘాల నుంచి ఎన్ని అభ్యంతరాలు వెళ్ళాయి? నేనైతే ఒక్కటి కూడా పంపలేదు. రిజర్వేషన్ జీవో వస్తే రాత్రికి రాత్రి చదివి విశ్లేషణలు రాసే మనం, టెండరు నోటీసు వస్తే అది కాంట్రాక్టర్ల సంగతి అని వదిలేశాం. ఉద్యోగాలు ఒక్కొక్కటే కాంట్రాక్టుగా మారుతుంటే కాంట్రాక్టు కాగితం చదవకపోవడం మన తప్పే.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కొన్ని పనులు చెబుతాను.

మీ హాస్టలు గుడ్లు, పాలు, సబ్బులు ఎవరు సరఫరా చేస్తున్నారో కనుక్కోండి. సమాచార హక్కు చట్టం కింద ఆ టెండరు కాగితం, అర్హత షరతులు, ఎవరెవరు వేశారు, ఎవరిని ఏ కారణంతో తీసేశారు అన్నది అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. షరతుల పేజీ దగ్గర పెట్టుకుని ఒక్కొక్క షరతుకూ ఒకే ప్రశ్న వేయండి: ఈ పని చేయడానికి ఇది నిజంగా కావాలా, ఎవరినో ఆపడానికి పెట్టారా? అభ్యంతరం ఉంటే టెండరు తెరవకముందే రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. కోర్టుకెళ్ళాలన్నా అప్పుడే వెళ్ళాలి. పని సగమయ్యాక వెళితే 1979లో ఆ మనిషికి చెప్పిన "ఆలస్యం" అన్న మాటే మీకూ చెబుతారు. లా చదివే మన పిల్లలు ప్రతి జిల్లాలో ఇద్దరైనా దీని మీద కూర్చోవాలి. వంట ఏజెన్సీల అక్కల ధర్నా శిబిరానికి మద్దతుగా వెళ్ళినప్పుడు ఫోటో దిగడంతో ఆగకండి, వాళ్ళ చేతిలో ఉన్న కాగితం అడిగి చదివిపెట్టండి.

కోర్టు మనల్ని రక్షిస్తుందని నేను చెప్పడం లేదు. 2004 ఉత్తర్వును చంపింది కోర్టు బయట ఉన్న అధికారి, కాంట్రాక్టరు. దాన్ని మళ్ళీ బతికించింది కూడా కోర్టు బయట ఉన్న పొదుపు సంఘం ఆడవాళ్ళే. వాళ్ళు కదిలితేనే కోర్టు కదిలింది.

నిన్న అమ్మకు ఫోన్ చేసి వైష్ణోరాణి కేసు గురించి చెప్పాను. మొత్తం విని అడిగింది:

"అయితే ఇప్పుడు వెయ్యొచ్చా మేము?"

"షరతులు చూడాలమ్మా," అన్నాను.

"చూడు మరి. చదువుకుంది నువ్వే గదా."

వచ్చే వారం ఒక సంక్షేమ హాస్టలు సరఫరా టెండరు కాగితాన్ని ముందు పెట్టుకుని షరతు తర్వాత షరతు చదువుదాం. మీ దగ్గర ఏదైనా ఉంటే పంపండి.

జై భీమ్.